రంగులు తీసేస్తే కనిపించిన ఊళ్లు

బొగ్గు ఊళ్లు, మిల్లు ఊళ్లు, వాటి సందుల్లో చిన్న చిన్న కొట్లు... ఎవరూ ఫోటో తీయని ఈ లోకాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో పట్టుకుంటే ఎలా ఉంటుంది? మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు!

మీ ఫోన్ గ్యాలరీ ఒకసారి ఓపెన్ చేయండి. చార్మినార్, అరకు, వైజాగ్ బీచ్, గోవా ట్రిప్... వందల్లో ఫోటోలుంటాయి. మరి చిన్నప్పట్నుంచీ మీకు జుట్టు కత్తిరించిన సెలూన్ ఫోటో ఒక్కటైనా ఉందా? స్కూల్ యూనిఫామ్ కుట్టిన టైలర్ షాపుది? అమ్మ చేతిలో డబ్బా పెట్టి పంపితే మీరు క్యూలో నిలబడిన పిండి గిర్నీది?

చాలామంది దగ్గర ఉండదు. రోజూ కనిపించేదానికి ఫోటో ఎందుకులే అనుకుంటాం. ఒకరోజు ఆ షట్టర్ దించేస్తారు. కొన్నాళ్లకి అక్కడ ఇంకేదో షోరూం వస్తుంది. అంతకుముందు బోర్డు మీద ఏం పేరుండేదో ఎంత ఆలోచించినా గుర్తురాదు.

నేను మూడేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఇవే తీస్తున్నా. అదీ బ్లాక్ అండ్ వైట్‌లో. ఎక్కువగా వెళ్లేది ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, కాగజ్‌నగర్. టూరిస్టు లిస్టుల్లో కనిపించని ఊళ్లు. రైలు ఆగుతుంది, మనం మాత్రం దిగం. "అక్కడేముంది?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. ఆ ప్రశ్నకి జవాబే ఇది.

కంపెనీ కట్టిన ఊళ్లు

భద్రాచలం వెళ్లే భక్తులు దారిలో వంటకి రాళ్లు పేర్చి పొయ్యి పెడితే, ఆ రాళ్లే అంటుకున్నాయట! ఇల్లందు బొగ్గు గురించి చెప్పుకునే కథ ఇది. కథ సంగతెలా ఉన్నా, 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ అయింది. పక్కనున్న ఒక పల్లె పేరు అలా దేశమంతా పాకింది.

కాగజ్‌నగర్ సంగతి ఇంకా చిత్రం. ఊరి పేరులోనే కాగితం ఉంది. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పునాది పడింది, 1942లో కాగితం బయటికొచ్చింది. మిల్లు చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ బజారు, బజారు చుట్టూ ఊరు. అన్నీ మిల్లు గేటు వైపు తిరిగి కూర్చున్నట్టుంటాయి.

ఇలాంటి ఊళ్లకి ఒక గుణం ఉంటుంది. గడియారం కంపెనీది. సైరన్ కూతతో టీ కొట్టు పొయ్యి అంటుకుంటుంది. షిఫ్టు దిగే టైముకి మిర్చి బజ్జీల మూకుడు వేడెక్కుతుంది. జీతం పడిన వారంలో బట్టల కొట్టు నిండుతుంది. సింగరేణి లాభాల్లో వాటా దసరా ముందు చేతికొస్తే, ఆ నెల టైలర్‌కి నిద్ర ఉండదు. కంపెనీ జీతం తీసుకోకపోయినా కంపెనీ మీదే బతికే మనుషులు వీళ్లు. ఏ రికార్డులోనూ వాళ్లు కార్మికుల కింద లెక్కకి రారు.

మరి కంపెనీ ఆగితే?

1990ల్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు సుమారు 40 వేలమంది. బొగ్గు తగ్గిందా అంటే లేదు, పెరిగింది. భూగర్భ బాయిల స్థానంలో ఓపెన్ కాస్టులొచ్చాయి. మనుషుల పని పెద్ద మిషన్లు చేస్తున్నాయి. బాయి మూతపడితే కార్మికుణ్ని ఇంకో బాయికి మారుస్తారు. బాయి గేటు ముందున్న టీ కొట్టుకి మాత్రం ట్రాన్స్‌ఫర్ ఉండదు. నా ఫోటోలన్నీ ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంటాయి.

ఉద్దెర పుస్తకం

సిర్పూర్ మిల్లు 2014లో ఆగిపోయింది. యాజమాన్యం మారి మళ్లీ 2018లో మొదలైంది. నాలుగేళ్లు అని మనం ఒక్క మాటలో అనేస్తాం. కాగజ్‌నగర్‌లో ఒక చిన్న హోటల్ అన్న ఆ నాలుగేళ్లని నాకు ఒక నోటుపుస్తకంలో చూపించాడు.

అది ఉద్దెర పుస్తకం. పేజీకొక పేరు. చాయ్, ఇడ్లీ, సిగరెట్... పక్కన అంకెలు. కొన్ని పేజీల్లో లెక్క మధ్యలోనే ఆగిపోయింది.

"మిల్లు బంద్ పడ్డంక పేర్లు మిగిలినయ్ తమ్మీ, మనుషులు పోయిన్రు. హైదరాబాద్‌కి కొందరు, మంచిర్యాలకి కొందరు."

"మరి పైసలు?"

"ఎవర్ని అడుగుత? వాళ్ల ఇంట్లనే పొయ్యి సక్కగ వెలుగుతలేకపాయె. గని ఒకాయన వచ్చిండు, మిల్లు మళ్లా సురువైనంక. పాత బాకీ లెక్కగట్టి ఇచ్చిపోయిండు. నేను వద్దన్నా ఇన్లే."

ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పేర్లు కనిపించకుండా ఆయన అరచెయ్యి అడ్డం పెడితే, ఆ చెయ్యీ ఆ గీతా మాత్రమే తీశా. రంగుల్లో తీస్తే పక్కనున్న బిస్కెట్ ప్యాకెట్ల ఎరుపే ముందు కనపడేది. రంగు తీసేశాక చేతి మీది గీతలు, పుస్తకంలో గీత ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి.

బ్లాక్ అండ్ వైట్ ఎందుకు?

"పాతకాలం ఫీల్ కోసమా?" అని అడుగుతారు. కాదు. నావి మూడు కారణాలు, మూడూ పనికొచ్చేవే.

ఒకటి, ఫ్లెక్సీలు. ఏ బజారుకి వెళ్లినా పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలే. గులాబీ, పసుపు, నీలం... కన్ను అటే పోతుంది. రంగు తీసేస్తే ఫ్లెక్సీ గొంతు తగ్గిపోతుంది. దాని వెనక బ్రష్షుతో రాసిన పాత బోర్డు, చెక్క బల్ల, షట్టర్ గీతలు, మనిషి మొహం పైకొస్తాయి.

రెండు, లైట్లు. చిన్న కొట్టులో ఒక మూల తెల్ల ట్యూబులైటు, ఇంకో మూల పచ్చటి బల్బు, బయట్నుంచి ఎండ. కలర్ ఫోటోలో ఒకే మనిషి మొహం సగం నీలంగా, సగం పసుపుగా వస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఈ గొడవ ఉండదు. వెలుగు ఎక్కడుంది, నీడ ఎక్కడుంది, అంతే.

మూడు, ఆ ఊళ్లే అలా ఉంటాయి. బొగ్గు పొడి పట్టిన గోడ, దాని పక్కన సున్నం కొట్టిన గుడి. ఇల్లందులో ఒక పిండి గిర్నీ అక్కని తీశా. ఆమె రెప్పల మీద కూడా పిండే. వాకిట్లో నిలబడిన లారీ మీద బొగ్గు దుమ్ము. "నేను తెల్ల దుమ్ము, మా ఆయన నల్ల దుమ్ము. ఇద్దరం సబ్బుకే సంపాదిస్తున్నం" అని నవ్వింది. వాళ్లాయన బాయిలో పనిచేస్తాడు.

"దండ ఒక్కటే తక్కువ"

బెల్లంపల్లిలో ఒక టైలర్ కాక ఉన్నాడు. వయసు అరవై దాటింది. ఫోటో తీసి, అక్కడే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూపించా. కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది తమ్మీ. దండ ఒక్కటే తక్కువ."

షాపులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన చెప్పింది ఆలోచించాల్సిన మాట. మన ఇళ్లల్లో గోడ మీద బ్లాక్ అండ్ వైట్ ఫోటో అంటే ఎవరిది? తాతది, నాయనమ్మది. పైన దండ, కింద చిన్న బల్బు. ఆ రంగు చూడగానే మన బుర్ర "పోయినవాళ్లు" అనేసుకుంటుంది. మరి బతికున్న మనిషిని, నడుస్తున్న కొట్టుని అలా చూపిస్తే, మనమే ముందుగా దండ వేసినట్టు కాదా?

కాక అక్కడితో ఆపలేదు. "కొట్టు బంద్ పడ్డదా? మిషిన్ నడుస్తనే ఉందిగద. నడిచేటట్టు తియ్యి" అని కుర్చీ లాక్కుని కూర్చుని పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. బల్ల మీద క్యూఆర్ కోడ్ స్టాండు ఉంది. తీసి పక్కన పెట్టబోతే నేనే వద్దన్నా. సరిగ్గా అప్పుడే ఎవరో డబ్బు కట్టారు, సౌండ్ బాక్సు ఖంగుమని చెప్పింది. కాక తలెత్తి చూశాడు. అదే ఫోటో. పాత మిషన్, కొత్త క్యూఆర్ కోడ్, పెడల్ మీద కదిలి మసకబారిన కాలు. ఆ ఫోటోకి ఎవరూ దండ వేయలేరు.

అప్పట్నుంచి నా కొలత ఇదే. బ్లాక్ అండ్ వైట్‌లో తీసినా ఏ కాలం ఫోటోనో తెలియాలి. స్మార్ట్‌ఫోన్, ఎల్ఈడీ బల్బు, డెలివరీ బాయ్ బ్యాగు... ఏదో ఒకటి ఫ్రేములో ఉండనివ్వాలి. పాత వస్తువుల్నే ఏరి ఏరి తీస్తే అందం రావచ్చు, నిజం రాదు.

మనకంటే ముందు తీసినవాళ్లు

ఈ పని కొత్తదేం కాదు. పారిస్‌లో యూజీన్ ఆట్జే అనే ఆయన 1890ల చివరి నుంచి 1927లో చనిపోయేదాకా పాత వీధులు, కొట్ల ముందరి అద్దాలు, వీధుల్లో అమ్ముకునేవాళ్లని తీస్తూనే ఉన్నాడు. బరువైన చెక్క కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ! తాను కళాకారుణ్నని చెప్పుకోలేదు. కళాకారులకి పనికొచ్చే డాక్యుమెంట్లు అని తలుపు మీద బోర్డు పెట్టుకున్నాడు. ఆ పాత పారిస్‌లో చాలా భాగం ఇప్పుడు ఆయన ఫోటోల్లోనే ఉంది.

అమెరికాలో వాకర్ ఎవాన్స్ 1935లో పెన్సిల్వేనియాలోని బెత్లహేం అనే స్టీలు ఊరికి వెళ్లాడు. ఒకే ఫ్రేములో ముందు సమాధి శిలువ, వెనక కార్మికుల ఇళ్లు, ఆ వెనక మిల్లు గొట్టాలు. ఒక మనిషి బతుకంతా ఆ కొద్ది దూరంలోనే అయిపోతుందని ఒక్క మాట రాయకుండా చెప్పేశాడు.

జర్మనీలో బెర్న్డ్, హిల్లా బెకర్ అనే భార్యాభర్తలు 1959 నుంచి దశాబ్దాలపాటు నీళ్ల ట్యాంకులు, ఫర్నేసులు, బొగ్గు బాయిల మీది ఇనుప టవర్లు తీశారు. మబ్బు పట్టిన రోజుల్లోనే, ఎదురుగా నిలబడి, అన్నీ ఒకే తీరులో. విడిగా చూస్తే ఒక టవర్. తొమ్మిది పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ ఒకేలా ఉండవని తెలుస్తుంది. మన ఊళ్లో సెలూన్లన్నీ అలా తీసి చూడండి, మతిపోతుంది.

నాకు ఎక్కువ దగ్గరైనవాడు మాత్రం క్రిస్ కిలిప్. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో లైన్‌మత్ అనే చోట, గని నుంచి సముద్రంలో పడేసిన బొగ్గు అలలకి ఒడ్డుకి కొట్టుకొచ్చేది. దాన్ని గుర్రబ్బండ్లతో ఏరుకుని బతికేవాళ్లని ఆయన 1976లో చూశాడు. ఫోటో తీయబోతే తరిమేశారు, ప్రభుత్వం పంపిన మనిషేమో అని అనుమానం. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తరిమేశారు. 1982లో గానీ వాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత ఆయన ఒక కారవాన్ కొనుక్కుని వాళ్ల మధ్యే ఉండిపోయాడు. 1988లో వచ్చిన ఆయన పుస్తకం 'ఇన్ ఫ్లాగ్రాంటే' బ్రిటన్ ఫోటోగ్రఫీలో పెద్ద పేరు తెచ్చుకుంది. ఆరేళ్లు ఆగాడు! మనం ఆరు నిమిషాల్లో రీల్ పెట్టేస్తాం.

ఇంకో సంగతి. మన దేశంలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ తయారుచేసిన ఫ్యాక్టరీ కూడా ఇప్పుడు మూగబోయింది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 'ఇందు' అనే పేరుతో ఫిల్మ్ అమ్మేది. మీ ఇంట్లో అమ్మమ్మ పెళ్లి ఫోటో ఉంటే, అది ఆ ఫిల్మ్ మీదే పడి ఉండొచ్చు.

వద్దంటే తీయొద్దు

ఒక బొగ్గు ఊళ్లో సైకిల్ రిపేరు షాపాయన నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "సర్వేనా? కొలతల కోసమా?" రోడ్డు వెడల్పు చేస్తారని అప్పటికే మాటలు నడుస్తున్నాయి. కాదని చెప్పా. నమ్మలేదు. ఫోన్ జేబులో పెట్టేసి పక్క కొట్లో టీ తాగి వచ్చేశా.

రెండు నెలలకి మళ్లీ వెళ్లినప్పుడు, టీ కొట్టాయనకి ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చా. సైకిల్ షాపాయన దూరం నుంచి చూస్తున్నాడు. కాసేపటికి పిలిచాడు.

"ముందు భాగం పోతదంటున్రు. ఎప్పుడైతదో తెల్వదు. ఇయ్యాల తియ్యి." 

మనవణ్ని పిలిపించి పక్కన నిలబెట్టుకున్నాడు. పైన తగిలించిన టైర్లు, గోడకి రించీలు, కింద నీళ్ల తొట్టి, వెనక బోర్డు. అది ఆయనే సొంతంగా రాసుకున్న బోర్డట. అన్నీ పడేలా తీశా.

మూడోసారి వెళ్లేసరికి షాపు అక్కడ లేదు. వెతికితే పక్క సందులో రేకుల డబ్బాలో కనిపించాడు. బోర్డు పాడైపోయింది. కానీ నేను పోస్టులో పంపిన ప్రింటుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి డబ్బా ముందు తగిలించాడు. "పాత గిరాకీ వచ్చి ఇది చూస్తరు. ఓ, గాయనే గదా అని ఆగుతరు" అన్నాడు.

నా ఫోటోలకి లైకులు వచ్చాయి, ఒక ఎగ్జిబిషన్‌లో కూడా పెట్టారు. కానీ ఒక ఫోటో బోర్డు పని చేసింది అక్కడే.

మీరూ తీస్తారా? ఇవి గుర్తుంచుకోండి

• కలర్‌లోనే తీయండి, తర్వాత మార్చండి. ఫోన్‌లో రా ఫార్మాట్ ఉంటే ఇంకా మంచిది. మొదటి కలర్ ఫైలు డిలీట్ చేయొద్దు.

• స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లో బ్లాక్ అండ్ వైట్‌కి రంగు ఫిల్టర్లుంటాయి. తెల్ల బోర్డు మీద ఎర్రక్షరాలుంటే ఎరుపు ఫిల్టర్ వాడొద్దు, అక్షరాలు మాయమైపోతాయి. ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టండి, నల్లగా తేలతాయి. ఆకాశం నల్లబడాలంటే మాత్రం ఎరుపే.

• లెన్సు తుడవండి. సగం ఫోటోలు మసకబారేది వేలిముద్రల వల్లే.

• కొట్టు లోపల చీకటి, బయట ఎండ ఉంటే, వెలుగున్న చోట స్క్రీన్‌ని నొక్కి బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించండి. నీడని తర్వాత ఎత్తొచ్చు. తెల్లగా కాలిపోయిన భాగం మాత్రం తిరిగిరాదు.

• ప్రతి కొట్టుకీ మూడు ఫోటోలు. రోడ్డు అవతల నుంచి కొట్టు మొత్తం, పనిలో ఉన్న మనిషి, దగ్గరగా చేతులూ పనిముట్లూ.

• పొద్దున కొట్టు తీసే టైముకి వెళ్లండి. ముందు నీళ్లు చల్లి, అగరొత్తి వెలిగించే ఆ పది నిమిషాల్లో వెలుగూ బాగుంటుంది, మనుషులూ తీరిగ్గా ఉంటారు.

• గని, ఫ్యాక్టరీ ఆవరణలోకి పర్మిషన్ లేకుండా వెళ్లొద్దు. ప్రమాదం, పైగా నేరం.

• కాంట్రాస్ట్ మరీ లాగొద్దు. మొహం మీద ముడతలు పెంచి పేదరికాన్ని డ్రామా చేయొద్దు.

• ఊరు, వీధి, తేదీ, కొట్టు పెట్టిన సంవత్సరం, వాళ్లు చెప్పిన ఒక్క మాట. ఈ ఐదూ ఫోటోతోపాటు రాసిపెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత ఫోటో ఎంత ముఖ్యమో ఆ నాలుగు ముక్కలూ అంతే ముఖ్యం.

• ప్రింటు తీసి తప్పకుండా ఇవ్వండి. వాట్సాప్‌లో పంపిన ఫోటో ఫోన్ మారితే పోతుంది. గోడ మీది ఫోటో ఉంటుంది.

మీ ఊళ్లో ఏముంది?

ఇవన్నీ బొగ్గు ఊళ్లకే కాదు. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. దాని కూతకి లేచిన వీధులు ఇంకా ఉన్నాయి. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగింది. దాని చుట్టూ బతికిన బజారు ఉంది. చిట్టివలస, నెల్లిమర్ల, ఏలూరు... జూట్ మిల్లుల ఊళ్లు. ఆదోనిలో పత్తి మిల్లులు, చీరాలలో మగ్గాలు, పొగాకు. మీరు పుట్టిన ఊరు ఈ లిస్టులో లేకపోతే మీరే చేర్చండి.

పెద్ద మిల్లు ఫోటో ఎవరో ఒకరు తీసే ఉంటారు. ప్రారంభోత్సవం రోజు మంత్రిగారితో సహా! గేటు ముందు నలభై ఏళ్లు చాయ్ పోసినాయన ఫోటో మాత్రం ఎవరూ తీసి ఉండరు. అది మీకు మిగిలిన పని.

ఈ ఆదివారం ఒక్క కొట్టుకి వెళ్లండి. టీ తాగండి. ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు అని అడగండి. ఆ తర్వాత ఫోన్ తీయండి.